నర్సింగ్‌లో మెడికల్ పదాలు: బట్టీ పడితే ఎందుకు నిలవవు, ఎలా నేర్చుకుంటే నిలుస్తాయి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: నర్సింగ్ మొదటి సంవత్సరం, అంతకుముందు చదువంతా తెలుగు మీడియం, రోజుకు యాభై మెడికల్ పదాలు అర్థాలతో సహా రాసుకుని బట్టీ పడుతున్నారు, వారం తిరిగేసరికి సగం కూడా గుర్తుండట్లేదు, వార్డులో సిస్టర్ హ్యాండోవర్ (షిఫ్ట్ మారేటప్పుడు పేషెంట్ల సంగతులు తర్వాతి నర్సుకి అప్పగించడం) ఇస్తుంటే ఒక్క ముక్క బుర్రకెక్కట్లేదు, నర్సెస్ నోట్స్ రాయాలన్నా భయమేస్తోంది. ఇంగ్లీషు సరిగ్గా రాకపోవడమే కారణమా, తెలుగు అర్థాలున్న మెడికల్ డిక్షనరీ ఒకటి కొనుక్కుంటే సరిపోతుందా అని అడిగారు. చాలా ఏళ్ళు వార్డుల్లో పనిచేసి ఇప్పుడు విద్యార్థుల క్లినికల్ పోస్టింగ్‌లు చూస్తున్నదాన్ని కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు ఆ ఇంగ్లీషు టెన్షన్ పక్కన పెట్టేయండి. కోలిసిస్టెక్టమీ, థ్రాంబోసైటోపీనియా లాంటివి మామూలు ఇంగ్లీషు మాటలు కావు, గ్రీకు లాటిన్ ముక్కలు అతికించి కట్టినవి. ఇంగ్లీషు మీడియంలో చదివొచ్చిన మీ క్లాస్‌మేట్‌కి లెక్చర్ తేలిగ్గా అర్థమవుతుంది, అది నిజమే, కానీ ఈ పదాల దగ్గరికొచ్చేసరికి ఆ అమ్మాయి కూడా మీలాగే మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే. కాబట్టి అందరికంటే వెనకబడి ఉన్నానన్న భయం అక్కర్లేదు.

అసలు ఇబ్బంది మీరు నేర్చుకునే తీరులో ఉంది. "ఆలిగ్యూరియా అంటే మూత్రం తక్కువగా రావడం" అని ఎన్నిసార్లు రాసినా ఆ మాట నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది, ఎందుకంటే దాన్ని దేనికీ ముడివేయలేదు. నర్సు వాడే ప్రతి మెడికల్ పదం వెనకా ఒక పని ఉంటుంది. ఆ మాట వినగానే నేను ఏం చూడాలి, ఏం కొలవాలి, ఎవరికి చెప్పాలి, ఈ మూడూ కలిపి నేర్చుకున్న మాట మర్చిపోదామన్నా మర్చిపోలేరు. నేను చెప్పదలుచుకున్నదల్లా ఇదే, మిగతాదంతా దీన్ని ఎలా చేయాలన్నదే.

ఒక హ్యాండోవర్ తీసుకుందాం, మీకు అర్థం కాలేదన్న రకమే. "బెడ్ ఫోర్, పోస్ట్ ఆప్ డే టూ, లాపరాటమీ, ఎన్‌పీఓ, రైల్స్ ట్యూబ్ ఉంది, ఫోలీస్ ఇన్ సిటు, ఎఫెబ్రైల్, అబ్డామెన్ సాఫ్ట్, బవెల్ సౌండ్స్ రాలేదు, నైట్ అవుట్‌పుట్ 180." అర నిమిషంలో చెప్పేసి సిస్టర్ బెడ్ ఫైవ్‌కి వెళ్ళిపోతుంది. ఇప్పుడు నెమ్మదిగా విప్పి చూడండి. పోస్ట్ ఆప్ డే టూ అంటే ఆపరేషన్ అయి రెండో రోజు. లాపరాటమీ అంటే పొట్ట కోసి తెరిచిన ఆపరేషన్, అంటే పొట్ట మీద కుట్లున్నాయి, దగ్గితే నొప్పి, నొప్పికి భయపడి పేషెంట్ గట్టిగా ఊపిరి తీసుకోరు, తీసుకోకపోతే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది, కాబట్టి దిండు పొట్టకు అదిమి పట్టుకుని దగ్గడం నేర్పించాలి. ఎన్‌పీఓ అంటే లాటిన్‌లో నిల్ పర్ ఆస్, నోటితో ఏదీ వద్దు, నీళ్ళతో సహా. బవెల్ సౌండ్స్ రాలేదంటే ఆపరేషన్ తర్వాత పేగుల కదలిక ఇంకా మొదలైనట్టు లేదని, అందుకే ఎన్‌పీఓ, అందుకే ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబ్. అంటే ఆ మూడు మాటలూ వేర్వేరు కాదు, ఒకే విషయం. మీరు చూడాల్సింది పొట్ట ఉబ్బుతోందా, ట్యూబ్‌లోంచి ఎంత వస్తోంది, ఏ రంగులో వస్తోంది, గ్యాస్ పోయిందా అని అడగడం. ఫోలీస్ ఇన్ సిటు అంటే మూత్రం గొట్టం వేసినచోటే ఉందని. ఎఫెబ్రైల్ అంటే జ్వరం లేదు. అబ్డామెన్ సాఫ్ట్ అంటే పొట్ట తాకితే మెత్తగా ఉంది.

ఈ "ఎఫెబ్రైల్" దగ్గర ఒక్క క్షణం ఆగండి, మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. ముందు చేరే ఆ "ఎ" మన అశాంతి, అధర్మంలో ఉన్న "అ" లాంటిదే, లేదు అని చెప్తుంది. సంస్కృతంలో అచ్చు ముందు అది "అన్" అయినట్టే (అనారోగ్యం, అనంతం) ఇక్కడ కూడా అచ్చు ముందు "అన్" అవుతుంది: అన్యూరియా, ఎనీమియా. ఇది యాదృచ్ఛికం కాదు, గ్రీకు, సంస్కృతం చుట్టాలే. ఎప్నియా అంటే ఊపిరి లేదు, ఎసిస్టోలీ అంటే గుండె కొట్టుకోవడం లేదు. తెలుగులో చదువుకున్నవాళ్ళకి ఈ "అ" పరాయిది కాదు.

ఇక చివరి ముక్క, "నైట్ అవుట్‌పుట్ 180". నర్సుగా చెవులు రిక్కించాల్సింది ఇక్కడ. పెద్దవాళ్ళకి గంటకు కిలో బరువుకి కనీసం 0.5 ఎంఎల్ మూత్రం రావాలని లెక్క. ఈ పేషెంట్ 60 కిలోలనుకుంటే గంటకు 30, ఎనిమిది గంటల నైట్‌కి 240 రావాలి. వచ్చింది 180. దీని పేరే ఆలిగ్యూరియా. రోజు మొత్తం మీద చూస్తే సుమారు 400 ఎంఎల్ కంటే తక్కువ రావడాన్ని ఆ పేరుతో పిలుస్తారు, కానీ వార్డులో 24 గంటలు గడిచేదాకా ఆగం, గంటల లెక్కతోనే పట్టుకుంటాం. ఈ మాట వచ్చిన వెంటనే చేతులు కదలాలి: గొట్టం మడతపడిందా, పేషెంట్ కింద నలిగిందా, బ్యాగ్ మంచం కంటే పైన పెట్టారా, పొత్తికడుపు తాకితే బ్లాడర్ నిండి తగులుతోందా. గొట్టంలో అడ్డమేమీ లేకపోతే పల్స్, బీపీ చూసి డాక్టర్‌కి ఫోన్. ఇలా ఒక్కసారి నిజంగా చేశారంటే ఆలిగ్యూరియా అనే మాట మీకు జీవితాంతం ఉంటుంది.

దాని చుట్టాల్ని కూడా అప్పుడే పరిచయం చేసుకోండి. అన్యూరియా దాదాపు మూత్రమే లేకపోవడం, పాలీయూరియా అతిగా రావడం, డిస్యూరియా పోసేటప్పుడు మంటో నొప్పో ఉండటం, హెమట్యూరియా రక్తం పడటం, నాక్ట్యూరియా రాత్రుళ్ళు పదేపదే లేవాల్సి రావడం. చివర్లో వినిపించే ఈ "యూరియా"కీ రక్తపరీక్షలో వచ్చే బ్లడ్ యూరియాకీ ఇంగ్లీషు స్పెల్లింగ్ వేరు, మన లిపిలో రాసుకుంటే రెండూ ఒక్కలాగే ఉంటాయి, అందుకని నోట్‌బుక్‌లో పదం తెలుగులో రాసుకున్నా పక్కన ఇంగ్లీషు స్పెల్లింగ్ తప్పకుండా ఉండాలి.

దీన్నిబట్టి ఒక అలవాటు చేసుకోండి, పదాన్ని చివర నుంచి చదవడం. అసలు జరిగిందేమిటో సాధారణంగా చివర్లోనే ఉంటుంది. ఐటిస్ అంటే ఇన్‌ఫ్లమేషన్ (వాపు, ఎరుపు, నొప్పి), ఆల్జియా అంటే నొప్పి, మెగలీ అంటే పెరిగిపోవడం, పీనియా అంటే తగ్గిపోవడం, ప్లీజియా అంటే పూర్తిగా పడిపోవడం, పరీసిస్ అంటే బలం తగ్గడం, స్కోపీ అంటే లోపల చూడటం, సెంటీసిస్ అంటే సూది గుచ్చి ద్రవం తీయడం. కోలిసిస్టెక్టమీని చివర నుంచి విప్పితే తీసేయడం, సంచి, పైత్యరసం, అంటే గాల్ బ్లాడర్ తీసేశారు. ఇలాంటి ముక్కలు ఒక నలభై వస్తే వేల పదాలు మీ అంతట మీరే విప్పుకోగలరు, రోజుకు యాభై పూర్తి పదాలు మింగాల్సిన పనే లేదు.

ఇందులో ఆటమీ, ఆస్టమీ, ఎక్టమీ మూడూ చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి, విద్యార్థులు ఎక్కువగా కలిపేసేదీ వీటినే. మళ్ళీ పనితో ముడివేయండి. ఆటమీ అంటే కోశారు, సాధారణంగా మూసేశారు, మీ పని గాయం, కుట్లు. ఆస్టమీ అంటే బయటికి ఒక ద్వారం పెట్టి ఉంచారు, కొలాస్టమీ (పెద్దపేగుకి పెట్టిన ద్వారం) అయితే స్టోమా, అంటే ఆ ద్వారం, ఏ రంగులో ఉందో చూడాలి (ఎర్రగా తడిగా ఉంటే మంచిది, నల్లబడుతుంటే రక్తం అందట్లేదని, వెంటనే చెప్పాలి), చుట్టూ చర్మం ఒరుసుకుపోకుండా చూసుకోవాలి, పేషెంట్‌కి బ్యాగ్ మార్చుకోవడం నేర్పాలి. ఎక్టమీ అంటే ఒక అవయవం ఇక ఒంట్లో లేదు, కాబట్టి అది చేసే పని ఎవరు చేస్తారని ఆలోచించాలి. స్ప్లీనెక్టమీ (ప్లీహం తీసేయడం) అయినవాళ్ళకి కొన్ని ఇన్‌ఫెక్షన్లు ప్రాణం మీదికి తెస్తాయి, అందుకే వ్యాక్సిన్ల గురించి అడుగుతాం. థైరాయిడెక్టమీలో పక్కనే ఉన్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే కాల్షియం పడిపోతుంది, పేషెంట్ "పెదాల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిరిగా ఉంది" అంటే దాన్ని మామూలు తిమ్మిరి అనుకుని వదిలేయకూడదు.

ఒకే అవయవానికి రెండు పేర్లు ఎందుకని కూడా చాలామంది తికమకపడతారు. కిడ్నీకి గ్రీకు మాట నెఫ్ర్, లాటిన్ మాట రీన్. అందుకే జబ్బు నెఫ్రైటిస్, ఆపరేషన్ నెఫ్రెక్టమీ, కానీ రక్తనాళం రీనల్ ఆర్టరీ. ఊపిరితిత్తులకీ అంతే, న్యూమోనెక్టమీ ఒకవైపు, పల్మనరీ ఎడీమా (ఊపిరితిత్తుల్లో నీరు చేరడం) ఇంకోవైపు. పూర్తి నియమమేమీ కాదు గానీ జబ్బులూ ఆపరేషన్లూ ఎక్కువగా గ్రీకు, శరీర భాగాల పేర్లు ఎక్కువగా లాటిన్ అని గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. దీనికి తిరగేసిన రకం ఇంకోటి, ఒకే మాటకు రెండు చోట్లు: సర్వైకల్ అంటే మెడ కావచ్చు, గర్భాశయ ముఖద్వారం కావచ్చు. మయెలో అంటే వెన్నుపాము కావచ్చు, ఎముక మజ్జ కావచ్చు. వాటిని చుట్టూ ఉన్న మాటల్ని బట్టి తేల్చుకోవాల్సిందే.

ఇప్పుడు పొరపడితే పేషెంట్‌కి హాని జరిగే జంటలు. డిస్ఫేజియా మింగడంలో ఇబ్బంది, డిస్ఫేసియా మాటలో ఇబ్బంది, ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా, నోటితో పలికితే చాలామంది నోట రెండూ ఒక్కటే. స్ట్రోక్ పేషెంట్‌కి రెండూ ఉండొచ్చు కూడా. మింగలేని మనిషికి ఎవరైనా నీళ్ళు పడితే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అందుకే స్ట్రోక్ పేషెంట్లకి మింగే పరీక్ష అయ్యేదాకా నోటితో ఏమీ ఇవ్వరు. ఈ గొడవ లేకుండా మాట ఇబ్బందికి అఫేసియా అనే మాటే వాడటం చాలాచోట్ల అలవాటైంది, మీరూ అదే చేయండి, హ్యాండోవర్‌లో అయితే "మింగలేకపోతున్నారు" అని తెలుగులో కూడా కలిపి చెప్పండి, తప్పేమీ లేదు. అబ్డక్షన్ అంటే కాలు పక్కకి దూరంగా జరపడం, అడక్షన్ అంటే మధ్యకి తేవడం. తుంటి కీలు మార్చిన పేషెంట్ కాలు మధ్యగీత దాటి అవతలికి వెళ్తే కొత్త కీలు జారిపోయే ప్రమాదం ఉంది, అందుకే కాళ్ళ మధ్య దిండు పెడతాం. ఈ రెండు మాటలూ చెప్పేటప్పుడు చాలామంది సిస్టర్లు "ఏ-బీ డక్షన్, ఏ-డీ డక్షన్" అని అక్షరాలు విడదీసి పలుకుతారు, గమనించండి. హైపో (తక్కువ), హైపర్ (ఎక్కువ) కూడా గోలగా ఉన్న వార్డులో ఒకటి చెప్తే ఇంకోటి వినిపిస్తుంది. అందుకే "హైపోగ్లైసీమియా" అని వదిలేయకుండా "షుగర్ 48" అని అంకె కూడా చెప్పాలి. 70 కంటే తక్కువైతే హైపో కింద లెక్క, 48 అంటే వెంటనే చూడాల్సిన పేషెంట్ అని అంకె వినగానే అందరికీ తెలుస్తుంది. హీమాప్టిసిస్ దగ్గులో పడే రక్తం, ఎర్రగా నురగతో ఉంటుంది, హెమటెమిసిస్ వాంతిలో వచ్చేది, కాఫీ పొడి కలిపిన నీళ్ళలా ఉండొచ్చు, మెలీనా తారులా నల్లగా జిగటగా వాసనతో వచ్చే మలం. "నోట్లోంచి రక్తం పడింది" అన్నప్పుడు దగ్గితేనా, వాంతైతేనా అని అడగకుండా ఏ మాటా రాయకండి.

పొట్టి అక్షరాల సంగతి. పీఆర్ఎన్ అంటే అవసరమైనప్పుడు, స్టాట్ అంటే ఇప్పుడే, బీడీ రోజుకు రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్ఎస్ పడుకునే ముందు. ఇవన్నీ చదవడం రావాలి. రాయడం మాత్రం జాగ్రత్త. ఓడీ అంటే కొన్నిచోట్ల రోజుకు ఒకసారి, కంటి విభాగంలో కుడి కన్ను. ఇన్సులిన్ దగ్గర యూనిట్లకి బదులు ఇంగ్లీషు యూ అక్షరం ఒక్కటే రాస్తే అది సున్నాలా కనిపించి 4 యూనిట్లు 40 అయిపోతుంది. 1.0 అని రాస్తే చుక్క కనపడక 10గా చదువుతారు, ముందు సున్నా లేకుండా .5 అని రాస్తే 5గా చదువుతారు. ఇలాంటి వాటిని రాయకూడదని అమెరికాలో ఆసుపత్రుల ప్రమాణాలు పరిశీలించే జాయింట్ కమిషన్ 2004లో ఒక జాబితానే పెట్టింది, మీ ఆసుపత్రిలో కూడా అనుమతించిన అబ్రివియేషన్ల జాబితా ఉంటుంది, అడిగి తీసుకోండి. అందులో లేనిది పూర్తిగా రాయండి, రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

మందుల పేర్లు విడిగా భయపెడతాయి గానీ వాటిలోనూ తోకలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి జెనరిక్ పేర్ల జాబితాలు ప్రచురిస్తోంది, ఒకే కుటుంబం మందులకి ఒకే తోక ఉండేలా చూస్తుంది. ఓలాల్ అని ముగిస్తే (అటెనొలాల్, మెటొప్రొలాల్) బీటా బ్లాకర్ (గుండె వేగం, బీపీ తగ్గించే మందు), ఇచ్చే ముందు పల్స్, బీపీ చూడాలి, ఉబ్బసం ఉందా అని అడగాలి. ప్రిల్ అంటే బీపీ మందు, పొడి దగ్గు వస్తోందా, పొటాషియం ఎంత అని చూడాలి. స్టాటిన్ అంటే కొలెస్ట్రాల్ మందు, కండరాల నొప్పులున్నాయా అని అడగాలి. పారిన్ అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది, ఎక్కడైనా రక్తం కారుతోందా చూడాలి. తోకని కూడా పూర్తిగా చూడాలి: ఒమెప్రజోల్, ఫ్లూకొనజోల్ రెండూ "జోల్" అనే ముగుస్తాయి, కానీ ప్రజోల్ ఎసిడిటీకి, కొనజోల్ ఫంగస్‌కి. డోపమిన్, డోబ్యుటమిన్ లాంటి పేర్లైతే వినికిడి మీద ఎప్పుడూ ఆధారపడకూడదు, సీసా మీద చదివి, ఆర్డర్‌తో పోల్చి, ఇంకొకరితో చూపించుకుని ఇవ్వాలి.

ఇక్కడిదాకా చెప్పింది పుస్తకాల్లో దొరుకుతుంది. దొరకనిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది పేషెంట్ నోటి మాటని మెడికల్ మాటగా మార్చడం. పేషెంట్ వచ్చి నాకు వర్టిగో అని చెప్పరు, "కళ్ళు తిరుగుతున్నాయమ్మా" అంటారు. ఆ ఒక్క మాటలో కనీసం రెండు వేర్వేరు సంగతులున్నాయి: చుట్టూ ఉన్నవి గిర్రున తిరుగుతున్నట్టుంటే వర్టిగో, లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మి పడిపోబోతున్నట్టుంటే అది వేరు, అప్పుడు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలి. "మూర్ఛ వచ్చింది" అంటారు, అది ఫిట్స్ కావచ్చు, ఊరికే స్పృహ తప్పడం కావచ్చు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయా, నాలుక కరుచుకున్నారా, బట్టల్లో మూత్రం పోయిందా, తెలివొచ్చాక ఎంతసేపు అయోమయంగా ఉన్నారు అని చూసినవాళ్ళని అడిగితే గానీ సీజర్ అని రాయాలో సింకోప్ అని రాయాలో తేలదు. "నీరసం" అన్నది ఒళ్ళంతా అలసటా, లేక ఒక చెయ్యీ ఒక కాలూ మాట వినకపోవడమా? రెండోదైతే అది నీరసం కాదు, స్ట్రోక్ కావచ్చు, ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. "కడుపులో నొప్పి" అంటే మన భాషలో కడుపు ఛాతీ కింద నుంచి గజ్జల దాకా ఏదైనా అవుతుంది, వేలు పెట్టి చూపించమనండి, అప్పుడు ఎపిగ్యాస్ట్రిక్ (పొట్ట పైభాగం మధ్యలో) అనో రైట్ ఇలియాక్ ఫాసా (పొట్ట కింద కుడివైపు) అనో రాయగలుగుతారు. "గుండెల్లో మంట, గ్యాస్ పట్టింది" అన్నవాళ్ళలో కొందరికి నిజంగా హార్ట్ ఎటాక్ ఉంటుంది, అందుకని చెమటలు, దవడకో చేతికో పాకే నొప్పి, ఆయాసం ఉన్నాయా అని అడగకుండా "ఎసిడిటీ" అనే మాట మీరు వాడకండి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళ బలం ఇక్కడ బయటపడుతుంది. ఆయాసం, ఎగశ్వాస, పిల్లికూతలు, గసపోసుకోవడం, ఈ మాటల మధ్య తేడా మీకు వినగానే తెలుస్తుంది, మీరు చేయాల్సిందల్లా ఆయాసానికి డిస్‌ప్నియా, పిల్లికూతలకి వీజింగ్, ఇలా ఒక్కోదానికీ సరైన మాట జోడించుకోవడం. ఖచ్చితంగా ఏ మెడికల్ మాటో తేలకపోతే పేషెంట్ అన్న మాటనే కోట్స్‌లో పెట్టి రాయండి. తప్పు మెడికల్ మాట రాయడం కంటే అది చాలా మేలు.

తిరుగు దారిలో కూడా అంతే శ్రద్ధ కావాలి. ఎన్‌పీఓ పేషెంట్‌కి "ఏమీ తినకండి" అని చెప్తే నీళ్ళు తాగేస్తారు, ఎందుకంటే నీళ్ళు తినేవి కావు కదా. "నీళ్ళు కూడా ఒక్క గుక్క వద్దు" అని చెప్పాలి. "రిపోర్ట్ నెగటివ్" అంటే కొందరు చెడు వార్త అనుకుని ఏడుస్తారు, "ఆ జబ్బు లేదు" అని చెప్పాలి. చెప్పాక "ఇప్పుడు నేను ఏం చెప్పానో మీరు ఒకసారి చెప్పండి" అని అడిగితే ఎంత అర్థమైందో తెలిసిపోతుంది.

నర్సెస్ నోట్స్ రాయడానికి భయమన్నారు. అందులో గొప్ప మాటలు అక్కర్లేదు, కొలిచి చెప్పే మాటలు కావాలి. "గాయం బాగుంది" అంటే తర్వాతి షిఫ్ట్ నర్సుకి ఏమీ తెలియదు. ఎన్ని సెంటీమీటర్లు, అంచులు కలిశాయా, చుట్టూ ఎరుపుందా, కారేది సీరస్సా (పలచగా నీళ్ళలా), సాంగ్వినస్సా (రక్తం), రెండూ కలిసిన సీరోసాంగ్వినస్సా, ప్యూరులెంటా (చీము). "మత్తుగా ఉన్నాడు" అనే దానికి ఒక్కో నర్సు మనసులో ఒక్కో అర్థం, అదే 1974లో టీస్‌డేల్, జెన్నెట్ అనే గ్లాస్గో డాక్టర్లు ఇచ్చిన కోమా స్కేల్‌లో రాస్తే కళ్ళకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15కి ఎంత అన్నది అందరికీ ఒకే అర్థం. పొద్దున 14, మధ్యాహ్నం 11 అని రాసి ఉంటే ఆ మూడు అంకెల తగ్గుదలే ఎమర్జెన్సీ అని చెప్తుంది. మొత్తం ఒక్కటే కాకుండా మూడు విడి అంకెలూ రాయడం అలవాటు చేసుకోండి.

ఇక ఎలా ప్రాక్టీస్ చేయాలి. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల ముక్కలు తానే బట్టీ పట్టి, ఎంత త్వరగా మర్చిపోతున్నాడో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు: మొదటి గంటల్లోనే చాలా భాగం పోతుంది. మీ యాభై పదాలు మీకు అలాంటి అర్థం లేని ముక్కలే అవుతున్నాయి. రోజుకు ఆరేడు పదాలు చాలు, అవి కూడా ఆ రోజు వార్డులో విన్నవే. చిన్న పాకెట్ నోట్‌బుక్ పెట్టుకోండి, అక్షర క్రమంలో కాదు, వార్డు ప్రకారం, అవయవం ప్రకారం రాయండి. హ్యాండోవర్‌లో అర్థం కానిది విన్నట్టే తెలుగులో గీకేసుకోండి, పని ఒత్తిడి తగ్గాక సిస్టర్‌ని స్పెల్లింగ్ అడగండి, కాస్త విసుక్కున్నా చెప్తారు. పదం, దాని ముక్కలు, ఏ పేషెంట్ పరిస్థితిలో విన్నారు, అది వింటే నేనేం చేయాలి, ఇంతే (పేషెంట్ పేరు, వివరాలు మాత్రం ఆ నోట్‌బుక్‌లో వద్దు). మర్నాడు, మూడు రోజులకి, వారానికి ఒకసారి తిరగేయండి, కానీ చదవడం కాదు, అర్థం వైపు మూసేసి చెప్పడం. ఇంకా మంచిది తెలుగు వైపు నుంచి మెడికల్ మాటకి రావడం, ఎందుకంటే రేపు మీకు కావాల్సింది ఆ దిశే.

పైకి పలకడం మానకండి. మనసులో చదివిన మాట ఫోన్‌లో నోటికి రాదు. ఇద్దరు స్నేహితులు కూర్చుని ఒకరు డాక్టర్, ఒకరు నర్స్ అనుకుని ఎస్‌బార్ పద్ధతిలో చెప్పుకోండి, అంటే పరిస్థితి, వెనక కథ, నా అంచనా, ఏం కావాలి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి నుంచి ఇది ఆసుపత్రుల్లోకి వచ్చింది. బెడ్ ఫోర్ పేషెంట్ గురించి అయితే ఇలా: "డాక్టర్ గారూ, సర్జికల్ వార్డ్ నుంచి స్టాఫ్ నర్స్‌ని, బెడ్ ఫోర్ పేషెంట్‌కి యూరిన్ అవుట్‌పుట్ తగ్గింది. లాపరాటమీ అయి రెండో రోజు, ఎన్‌పీఓ, ఐవీ ఫ్లూయిడ్స్ నడుస్తున్నాయి. ఎనిమిది గంటల్లో 180 ఎంఎల్, బరువు 60 కిలోలు, క్యాథెటర్‌లో అడ్డం లేదు, బ్లాడర్ తగలట్లేదు, పల్స్ 112, బీపీ 96/60, ఫ్లూయిడ్ చాలట్లేదనిపిస్తోంది. మీరు వచ్చి చూడగలరా, ఈలోపు ఫ్లూయిడ్స్ పెంచమంటారా?" ఆయన చెప్పిన ఆర్డర్ తిరిగి చదివి వినిపించండి, 15, 50 లాంటి అంకెలైతే "వన్ ఫైవ్", "ఫైవ్ జీరో" అని విడదీసి.

చివరగా డిక్షనరీ. తెలుగు అర్థాలది ఒకటి ఉంటే మంచిదే, కానీ విన్న మాటని అందులో వెతకడం అనుకున్నంత తేలిక కాదు. న్యుమోనియా, సోరియాసిస్, టోసిస్ (కనురెప్ప వాలిపోవడం), ఈ మూడూ ఇంగ్లీషు పీ అక్షరంతో మొదలవుతాయి, అది పలకదు, మీరు ఎన్‌లో, ఎస్‌లో, టీలో వెతికి లేదనుకుని మూసేస్తారు. కోలి సీహెచ్‌తో, జీరోడెర్మా (చర్మం పొడిబారడం) ఎక్స్‌తో మొదలవుతాయి, డిస్‌ప్నియాలోని డిస్‌లో వచ్చేది వై. కొంటే పదాల ముక్కలు విడిగా ఇచ్చినది, ఉచ్చారణ ఉన్నది చూసి కొనండి, ఫోన్‌లో పలికి వినిపించేది ఉంటే ఇంకా మేలు. ముందు మాత్రం ఇప్పుడు మీ పోస్టింగ్ ఏ వార్డులో ఉందో ఆ వార్డు కేస్ షీట్లలో రోజూ కనిపించే మాటలతో మొదలుపెట్టండి. మెడికల్ వార్డు అయితే శ్వాస, మూత్రం, షుగర్, బీపీ మాటలు, సర్జికల్ అయితే ఆటమీ, ఎక్టమీలూ గాయం మాటలూ. పోస్టింగ్ మారినప్పుడు ఆ వార్డు మాటలకి కొత్త పేజీ తెరవండి, పాత పేజీలు వారానికి ఒకసారి చూసుకుంటూ ఉండండి.